తండ్రి పట్టా, కొడుకు సేద్యం

పీఎం కిసాన్ మార్గదర్శకాల్లో ఒక తేదీ ఉంది: 2019 ఫిబ్రవరి 1. ఆనాటికి భూమి ఎవరి పేరున ఉంటే వారికే ఏటా 6,000 రూపాయలు. ఆ తర్వాత చేతులు మారిన భూమిని ఐదేళ్లపాటు లెక్కలోకి తీసుకోబోమని రాసి, ఒక్క మినహాయింపు ఇచ్చారు. పట్టాదారు చనిపోయి భూమి వారసులకు వస్తే ఆ తేదీ అడ్డు రాదు. అంటే తండ్రి బతికుండగా పొలం పంచి ఇస్తే కొడుకు అనర్హుడు, తండ్రి పోయాక అదే పొలం వస్తే అర్హుడు. రాసినవారికి కుర్ర రైతుల మీద కక్ష ఉండి రాసిన నిబంధన కాదిది. సాయం కోసం ఒకే కుటుంబం భూమిని ముక్కలు చేసి తలా ఒకరి పేరున రాయించుకుంటుందన్న భయంతో రాసింది. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ ఆ తేదీ తర్వాత సేద్యంలోకి దిగిన ప్రతివాడూ, నిజాయితీగా దిగినవాడు కూడా, దాంతో బయటే ఉండిపోయాడు.

ఐదేళ్ల గడువు 2024 ఫిబ్రవరిలో ముగిసింది. అయినా 2025లో, ఆ తేదీ తర్వాత భూమి పొందినవారి పేర్లను అనుమానిత జాబితాలో చేర్చి, క్షేత్రస్థాయి తనిఖీ అయ్యేదాకా చెల్లింపులు ఆపారు.

యువకులు సేద్యంలోకి రావడం లేదన్న బాధ అన్ని పార్టీల ప్రసంగాల్లోనూ వినిపిస్తుంది. 2003లో జాతీయ నమూనా సర్వే అడిగినప్పుడు, వేరే దారి దొరికితే వ్యవసాయం మానేస్తామని 40 శాతం మంది రైతులు చెప్పారు. 2019 నాటి సర్వేలో రైతు కుటుంబం సగటు నెలసరి రాబడి 10,218 రూపాయలని తేలింది. ఈ రాబడి చూసి కుర్రాళ్లు పోతున్నారంటే ఆశ్చర్యం లేదు. రావాలనుకున్న కొద్దిమందికి సర్కారు సాయం అందుతోందా, ఎక్కడ ఆగుతోంది అన్నదే ఇక్కడ చూడాల్సింది. మన చట్టాల్లో ఎక్కడా యువకుడికి సాయం లేదని రాసి లేదు. అతన్ని ఆపుతున్నది వయసు కాదు, పట్టా.

తెలంగాణ లెక్క కేంద్రం లెక్కకు సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. 2018 మేలో మొదలైన రైతుబంధు ఎకరానికి సీజనుకు 4,000తో మొదలై మరుసటి ఏడాదికి 5,000 అయింది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసాగా పేరు మారి ఏడాదికి 12,000కు చేరింది. ఇక్కడ పాత తేదీ ఏదీ లేదు. నిన్న రిజిస్ట్రేషన్ అయి పాసుపుస్తకం చేతికొచ్చినవాడు కూడా వచ్చే సీజనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒకే సర్వే నంబరు, ఒకే మనిషి. కేంద్రం నువ్వు కొత్తవాడివి పొమ్మంటుంది, రాష్ట్రం రమ్మంటుంది.

తెలంగాణ ఉదారత ఎవరికి ఉపయోగపడిందన్నది తర్వాతి ప్రశ్న. మహారాష్ట్ర, గుజరాత్‌లలో అప్పటికే రైతు అయినవాడే వ్యవసాయ భూమి కొనాలన్న నియమం ఉంది. కర్ణాటక అలాంటి ఆంక్షలను 2020లో ఎత్తేసింది. మన రెండు రాష్ట్రాల్లో 1973 నాటి సీలింగ్ చట్టం, ఏజెన్సీలో 1/70 నిబంధన తప్పిస్తే, కొనడానికి రైతు అయి ఉండనక్కర్లేదు. ప్రవాసులకు మాత్రం విదేశీ మారక చట్టం కింద సాగుభూమి కొనే వీల్లేదు, వారసత్వంగా వచ్చినదాన్ని అట్టే పెట్టుకోవచ్చు. దీంతో డబ్బున్న కొత్తవాడికి తలుపు బార్లా తెరిచే ఉంది. నగరంలో ఉద్యోగం చేస్తూ ఊరి చివర నాలుగెకరాలు కొన్నవాడి ఖాతాలోనూ, అమెరికాలో ఉండి తాతల పొలం తన పేరున ఉన్నవాడి ఖాతాలోనూ పెట్టుబడి సాయం పడింది. పెట్టుబడి పెట్టినవాడు మరొకడు. పీఎం కిసాన్ ఇక్కడ కొంచెం తెలివిగా ఉంది. కిందటి మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారిని, ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లను, లాయర్లను పక్కనపెట్టింది. ఆ తెలివికీ ఒక తిరకాసు ఉంది. ఉద్యోగం మానేసి ఊరికొచ్చి నాగలి పట్టినవాడు నిరుడు కట్టిన పన్ను, అతనికి చేయూత ఎక్కువ అవసరమైన మొదటి ఏడాదే అతన్ని బయట నిలబెడుతుంది.

ఇదంతా భూమి కొనగలిగినవారి సంగతి. మన ఊళ్లలో సేద్యం చేసే కుర్రాళ్లలో ఎక్కువమంది ఈ కోవలోకి రారు. వాళ్లు రెండు రకాలు: తండ్రి పొలం చేసేవాళ్లు, పరాయి పొలం కౌలుకు చేసేవాళ్లు.

తండ్రి పొలం చేసేవాడి స్థితి విచిత్రంగా ఉంటుంది. తండ్రికి అరవై దాటి ఉంటాయి, మోకాళ్లు నొప్పి, చెలకకు పోవడం తగ్గిపోయింది. దుక్కి, విత్తనం, మందు, కోత అన్నీ కొడుకువే. పాసుపుస్తకం మాత్రం తండ్రిది. పంట రుణం తండ్రి పేరునే పుడుతుంది, రైతు భరోసా ఆయన ఖాతాలోనే పడుతుంది, బిందు సేద్యం పరికరాలకు దరఖాస్తు ఆయన వేలిముద్రతోనే వెళుతుంది. ఇంట్లో సఖ్యత ఉన్నంతకాలం ఇదంతా సాఫీగా సాగుతుంది కనుక ఎవరికీ లోపం కనిపించదు. అన్నదమ్ములు ముగ్గురై, ఒకడు పొలంలో, ఇద్దరు పట్నంలో ఉన్నప్పుడు కనిపిస్తుంది. పొలంలో ఉన్నవాడు పదేళ్లు చేసినా రికార్డులో రైతు కాడు. బ్యాంకులో అతని పేరున ఒక్క పంట రుణం తీర్చిన చరిత్ర కూడా ఉండదు. నలభై ఏళ్లకు పొలం పంపకమై తన వాటా చేతికి వచ్చేసరికి బ్యాంకు దృష్టిలో అతను నిన్న పుట్టిన రైతు.

పంచి ఇవ్వొచ్చు కదా అంటారు. ఇవ్వొచ్చు, కానీ ఏ తండ్రీ తొందరపడడు. భూమి ఆయనకు వృద్ధాప్య భద్రత. అది చేతిలో ఉన్నంతవరకే ఇంట్లో మాట చెల్లుతుందన్న అనుభవం ఊరందరిదీ. ఎకరాకు ఇంత అని ఏటా ఖాతాలో పడే డబ్బు ఆ పట్టును ఇంకాస్త బిగించింది. అది ఆయన చేతి ఖర్చుకు, మందులకు అక్కరకొస్తోంది. ఆడపిల్లల సంగతి ఇంకా వెనక. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతోనే వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా 2015–16 వ్యవసాయ గణాంకాల్లో దేశంలోని కమతాల్లో ఆడవాళ్లవి 14 శాతంలోపే. పెళ్లయి మెట్టినింట పొలం పనులన్నీ చేసే కోడలు పుట్టింటి రికార్డులోనూ లేదు, అత్తింటి రికార్డులోనూ లేదు.

పాసుపుస్తకం అడగని సాయం ఒకటుంది. ఎరువుల సబ్సిడీ. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు వస్తున్నదంటే మిగతా ఖర్చు కేంద్రం భరిస్తోంది. దుకాణంలో ఆధార్ చూపి వేలు పెడితే చాలు. కౌలుదారుకూ, కొడుకుకూ, కోడలికీ ఒకే ధర. అర్హతల గొడవ లేని ఈ ఒక్క సబ్సిడీ నేలకు చేస్తున్న చేటు గురించి మాత్రం శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు.

ఇక కౌలుదారు. మన రాష్ట్రాల్లో సొంత భూమి లేకుండా సేద్యంలోకి వచ్చే కుర్రాడికి ఉన్న దారి ఇదొక్కటే. 2019 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సాగు కమతాల్లో 42 శాతం దాకా ఎంతో కొంత కౌలు భూమి కలిసినవే. దేశంలో ఇంత ఎక్కువ ఇంకే రాష్ట్రంలోనూ లేదు. తెలంగాణలో రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన అధ్యయనంలో కలిసిన రైతుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులే. వీళ్ల ఒప్పందం నోటి మాట. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎకరాకు ఇన్ని బస్తాలని, పత్తి, మిరప భూముల్లో ఇంత సొమ్మని. మిరపకు కౌలు చాలాచోట్ల ముందే కట్టాలి.

కాగితం ఎందుకు లేదంటే, భయం. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌలు చట్టం రక్షిత కౌలుదారులకు యాజమాన్య హక్కు దాకా ఇచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో 1956 చట్టం కౌలుదారును తేలిగ్గా ఖాళీ చేయించకుండా కట్టడి చేసింది. ఈ చట్టాలు తమ కాలానికి న్యాయమైనవే. కానీ వాటి జ్ఞాపకం భూస్వాముల మనవళ్లలోనూ మిగిలిపోయింది. సంతకం పెడితే పొలం పోతుందన్న మాట నేటికీ రచ్చబండ మీద చెల్లుతోంది. అందుకే పొలాన్ని బీడు పెట్టుకునేవాళ్లున్నారు గానీ కాగితం రాసిచ్చేవాళ్లు తక్కువ.

ఈ చిక్కును విప్పడానికి ఉమ్మడి రాష్ట్రం 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చింది. యజమాని సంతకం లేకుండానే గ్రామంలో విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చే పద్ధతి అది. మొదటి ఏడాది లక్షల కార్డులు ఇచ్చారు, బ్యాంకులు మాత్రం వారిలో చాలామందికి రుణాలు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. 11 నెలల ఒప్పందం, యజమాని సంతకం తప్పనిసరి, భూమి హక్కుకు ఏ భంగమూ ఉండదన్న హామీ. యజమాని భయం పోగొట్టాలన్నది ఉద్దేశం. పోలేదు. సంతకం యజమాని చేతిలో పెట్టాక సాగుదారు కార్డు రావడం, రాకపోవడం ఆయన దయ మీద ఆధారపడింది. అదే చట్టం ఆసరాగా మొదలైన వైఎస్సార్ రైతు భరోసా కౌలుదారులకు 13,500 రూపాయలు ఇచ్చింది. తెలంగాణ ఏనాడూ చేయని పని అది, మెచ్చుకోవాలి. అయితే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు చెందినవాడై ఉండాలి, సొంత భూమి అసలు ఉండకూడదు. తాత ఇచ్చిన అరెకరం పేరున ఉండి ఆరెకరాలు కౌలుకు చేసే కుర్రాడు అరెకరం రైతుగానే లెక్కకొచ్చాడు. 2025 ఆగస్టులో దర్శి మండలం వీరాయపాలెంలో మొదలైన అన్నదాత సుఖీభవ మొత్తాన్ని కేంద్ర సాయంతో కలిపి 20,000కు పెంచింది. సాగుదారు కార్డు చిక్కు మాత్రం అలాగే ఉంది.

తెలంగాణలో కథ వేరు. రైతుబంధు మొదలైనప్పుడే, కౌలు యజమానికీ కౌలుదారుకూ మధ్య ప్రైవేటు వ్యవహారమని, సర్కారు అందులో తలదూర్చదని తేల్చేశారు. 2022 వరంగల్ డిక్లరేషన్‌లో కాంగ్రెస్ కౌలుదారులకూ సాయం ప్రకటించింది. అధికారంలోకి వచ్చాక 2025లో ఇచ్చిన రైతు భరోసా పట్టాదారులకే పరిమితమైంది. ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసిన భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టారు. కూలీ కాకుండా, పట్టాదారూ కాకుండా మధ్యలో ఉన్న కౌలుదారు ఏ జాబితాలోనూ లేడు. అంతకంటే పెద్ద నష్టం రికార్డులో జరిగింది. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. నిజాం కాలం నుంచి వచ్చిన ఆ కాలమ్‌లో తప్పులూ అక్రమాలూ ఉన్నాయి, నిజమే. 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఆ కాలమ్ లేకుండా పోయింది. సాదాబైనామాల మీద కొనుక్కుని దున్నుకుంటున్నవాళ్లూ, కౌలుదారులూ ఒక్క దెబ్బతో కాగితం మీంచి మాయమయ్యారు. ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది.

బ్యాంకు నిబంధనలు చదివితే ఇంత చిక్కు ఉన్నట్టే అనిపించదు. కిసాన్ క్రెడిట్ కార్డుకు నోటి మాట కౌలుదారులు, పాలికాపులు కూడా అర్హులేనని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తనఖా అక్కర్లేదు. బ్యాంకులో కూర్చున్నవాడి ఇబ్బంది వేరు: ఆ సర్వే నంబరు మీద యజమాని ఇప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే మడి మీద రెండు రుణాలు ఇస్తే ఆడిటర్ అడుగుతాడు. యజమాని ఆ రుణాన్ని పిల్లల చదువుకో, ఇల్లు కట్టడానికో వాడుకుంటే అడిగేవాడు లేడు. పంట నిజంగా పెట్టేవాడు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు. 7 శాతం వడ్డీకి ఇచ్చి, గడువులోగా కడితే 4 శాతానికే తీరే రుణం ఊళ్లోకి వస్తూనే ఉంది, చేరాల్సిన ఇంటికి మాత్రం చేరడం లేదు.

వయసును చూసే పథకాలు అసలే లేవా అంటే, ఉన్నాయి. హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ 2002 నుంచి అగ్రి క్లినిక్కుల శిక్షణ నడుపుతోంది. 45 రోజుల శిక్షణ, ఆపైన రుణం మీద 36 నుంచి 44 శాతం రాయితీ. ఐసీఏఆర్ 2015లో కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా ‘ఆర్య’ పేరుతో యువకుల కోసం పథకం పెట్టింది. జాతీయ పశుగణ మిషన్ కింద గొర్రెలు, కోళ్ల యూనిట్లకు సగం ఖర్చు ఇస్తారు, లీజు భూమి ఉన్నా చాలు. మంచి పథకాలే. ఇవన్నీ కుర్రాణ్ని వ్యాపారిగానో, పెంపకందారుగానో చూస్తాయి. వరి పండించేవాడిగా చూడవు. నలభైలోపు వయసే అర్హతగా పెట్టిన పెద్ద రైతు పథకం నాకు కనిపించింది ఒక్కటే: 2019లో వచ్చిన కిసాన్ మాన్‌ధన్. 18 నుంచి 40 ఏళ్ల చిన్న, సన్నకారు రైతులు నెలనెలా కొంత కడితే 60 దాటాక నెలకు 3,000 పింఛను. కుర్రాడి కోసం మనం పెట్టిన పథకం వాడి ముసలితనానికి!

మనకంటే ముందే ముసలైన దేశాలు ఈ ప్రశ్నతో ఎక్కువకాలం కుస్తీ పట్టాయి. ఐరోపా సమాఖ్య 2003 సంస్కరణలో సాయాన్ని 2000–2002 నాటి లెక్కలకు ముడిపెట్టింది. మన 2019 ఫిబ్రవరి 1 లాంటిదే అదీ. ఆ ఏళ్ల తర్వాత సేద్యంలోకి వచ్చినవారికి హక్కులు లేకుండా పోతాయని అప్పుడే గ్రహించి, ప్రతి దేశమూ కొంత సొమ్ము జాతీయ నిధిగా పక్కన పెట్టి కొత్తవారికి అందులోంచి హక్కులు పంచాలని రాసుకున్నారు. నిధి సరిపోలేదు. పొలం వదిలేసి హక్కులు మాత్రం అట్టిపెట్టుకుని ఇంట్లో కూర్చుని సాయం తిన్నవాళ్లు స్కాట్లాండ్‌లో పదేళ్లపాటు పెద్ద వివాదమయ్యారు. 2015 నుంచి నలభై ఏళ్లలోపు వారికి, సేద్యం మొదలుపెట్టి ఐదేళ్లు మించనివారికి అదనపు చెల్లింపు తెచ్చారు. 2023 నుంచి ప్రత్యక్ష చెల్లింపుల్లో కనీసం 3 శాతానికి సమానమైన సొమ్ము కొత్త తరానికి కేటాయించాలి. స్థిరపడేందుకు ఒక్కొక్కరికి లక్ష యూరోల దాకా ఇవ్వొచ్చు.

ఫలితం? 2020 లెక్కల్లో ఐరోపా రైతుల్లో నలభైలోపువారు 12 శాతమే. 65 దాటినవారు మూడో వంతు. ఐరోపా ఆడిటర్ల కోర్టు 2017లో ఈ పథకాలను విప్పి చూసి, లక్ష్యం స్పష్టంగా లేదని, హెక్టారు చొప్పున ఇచ్చే అదనపు సొమ్ము కొత్తవాడి అసలు ఇబ్బందుల జోలికి పోవడం లేదని రాసింది. భూమి దొరకడమూ, మొదటి పెట్టుబడి పుట్టడమూ ఆ ఇబ్బందులు. హెక్టారుకు ఇంత అని ఇచ్చే దేశంలో ముసలి రైతుకు పొలం వదలాల్సిన అవసరమేముంటుంది? మన తండ్రుల లెక్కే అక్కడా.

జపాన్ దారి నాకు ఎక్కువ ఆలోచించదగ్గదిగా కనిపిస్తుంది. అక్కడ ప్రధాన రైతుల సగటు వయసు 2020లో 67.8. 2012 నుంచి కొత్తగా సేద్యంలోకి వచ్చే నలభై అయిదులోపు వారికి ఏడాదికి 15 లక్షల యెన్‌లు ఇచ్చారు. 2019లో పరిమితిని యాభైకి పెంచారు. ఎన్ని ఎకరాలని లెక్కగట్టలేదు. మనిషికి ఇచ్చారు, జీతంలా. సాగు ప్రణాళిక రాసి స్థానిక సంస్థ ఆమోదం పొందాలి. నేర్చుకునే కాలానికీ, మొదలుపెట్టాక కొన్నేళ్లకూ ఇస్తారు. మధ్యలో మానేస్తే తిరిగి కట్టాల్సి రావొచ్చు. దానికి తోడు 2014 నుంచి ప్రతి ప్రిఫెక్చర్‌లోనూ భూముల బ్యాంకు పెట్టారు. ముసలి యజమాని తన పొలాన్ని దానికి లీజుకు ఇస్తాడు, అది కుర్రాడికి ఇస్తుంది. మధ్యలో ప్రభుత్వ సంస్థ ఉంది కనుక పొలం పోతుందన్న భయం యజమానికి ఉండదు, వచ్చే ఏడాది వెళ్లగొడతాడన్న భయం కుర్రాడికి ఉండదు. జపాన్‌లో కూడా రైతుల సంఖ్య తగ్గుతూనే ఉంది. కానీ దిగినవాడికి నిలదొక్కుకునే గడువు దొరుకుతోంది. అమెరికాలో వయసే చూడరు. సేద్యం మొదలుపెట్టి పదేళ్లు దాటనివాడు కొత్త రైతు, అరవై ఏళ్లవాడైనా సరే.

మన దగ్గర యువ రైతు పేరుతో ఎకరాకు అదనంగా ఇస్తామని రేపు ఏ ప్రభుత్వమైనా ప్రకటిస్తే నేను సంతోషించను. పాసుపుస్తకం ఆధారంగా ఇచ్చినంతకాలం ఆ డబ్బు కోసం పొలం కాగితం మీద కొడుకు పేరుకు మారుతుంది. కొడుకు మాత్రం హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతూనే ఉంటాడు, పొలం దున్నేవాడు ఎప్పటిలాగే కౌలుదారు. ముందు కావలసింది ఏ సీజనులో ఏ మడి ఎవరు చేస్తున్నారన్న నమోదు. ఇది అసాధ్యమేమీ కాదు. పశ్చిమ బెంగాల్ 1978లో ఆపరేషన్ బర్గాతో పాలికాపుల పేర్లు నమోదు చేసింది కనుకే నలభై ఏళ్ల తర్వాత కృషక్ బంధు సాయం వారికీ ఇవ్వగలిగింది. ఒడిశా 2019లో కాలియా పథకంలో కౌలుదారులనూ భూమిలేనివారినీ చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ ఇప్పటికే పంటతోపాటు సాగుదారు పేరు రాస్తోంది. కొన్నేళ్లు ఉచిత పంటల బీమా దాని మీదే నడిచింది. హక్కుకూ సాగుకూ వేర్వేరు కాలమ్‌లు ఉంటే ఒకదానితో మరొకదానికి ముప్పు రాదు. నీతి ఆయోగ్ 2016 నమూనా లీజు చట్టం చెప్పింది కూడా దాదాపు ఇదే. రైతంటే కౌలుదారు, కూలీ, గొర్రెల కాపరి, తేనెటీగల పెంపకందారు కూడానని 2007 జాతీయ రైతు విధానం అంతకు ముందే నిర్వచించింది. ఆ నిర్వచనం పీఎం కిసాన్‌లోకి దిగలేదు.

ఇప్పుడు దేశమంతటా కొత్త రైతు రిజిస్ట్రీ కడుతున్నారు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. 11 కోట్ల మంది రైతులకు గుర్తింపు సంఖ్య ఇవ్వాలన్నది లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నమోదు నడుస్తోంది. రేపటి రుణం, బీమా, విత్తన రాయితీ, నగదు సాయం అన్నీ ఈ సంఖ్యకే ముడిపడతాయి. రైతు వేదికలో, రైతు సేవా కేంద్రంలో నమోదు చేసే ఉద్యోగి ముందుగా అడుగుతున్నది ఆధార్, ఆ తర్వాత పట్టాదారు పాసుపుస్తకం. తండ్రి బదులు కొడుకు వెళితే నాన్నను పంపమంటున్నారు.